పొగ రాకూడదు, పోటు దాటకూడదు

ఓడ వచ్చి రేవును ఆనుకుంది. ఆనుకున్న కాసేపటికి దాని పొగగొట్టం నోరు మూసుకుంది.

రేవు రేవంతా ఆ గొట్టం వంక కళ్లప్పగించి చూసింది. ఓడంటే పొగ, పొగంటే ఓడ అని బుద్ధెరిగిన నాటి నుంచి నమ్ముతూ వచ్చినవాళ్లకు, అంతటి ఓడ ఊపిరి బిగబట్టినట్టు నిలబడడం వింతగానే తోచింది. ఒడ్డు మీది కరెంటు పెట్టెలో నుంచి చేతి మందాన ఉన్న నల్లటి కేబులు పాకుతూ వెళ్లి ఓడ పక్కలో దూరింది. ఓడలోని దీపాలు, పంపులు, సరుకును చల్లగా ఉంచే పెట్టెలు, వంటగదిలో పొయ్యి, అన్నీ ఇక దాని మీదే బతకాలి. ఓడ ఇంజన్లు ఆపుకుంది, ఒడ్డు కరెంటు ఇచ్చింది.

ఆ కరెంటును చూసుకునే మనిషి కంట్రోలు గదిలో, తెర ముందు, కుర్చీ అంచున కూర్చుని ఉంది. రేవులో అందరూ ఆమెను కరెంటమ్మ అంటారు. ఇంట్లో పెట్టిన పేరు వేరే ఉంది గాని, ఆ పేరుతో పిలిస్తే ఇప్పుడు ఆమే వెనక్కి తిరిగి చూడదు.

ఓడల కంపెనీ పెట్టిన షరతులు రెండే. చివరి కంటైనరు పెట్టె ఎక్కేదాకా ఓడ నుంచి పొగ రాకూడదు. సాయంత్రం పోటు మీద ఓడ వెళ్లిపోవాలి. ఈ రేవు ముఖద్వారంలో నీటిలోతు తక్కువ. సరుకెత్తిన ఓడ సముద్రం పొంగినప్పుడు తప్ప బయటపడలేదు. ఆ రెంటినీ మేనేజరు ఒక్క వాక్యంగా కుదించి, మెట్ల దగ్గరా, భోజనశాలలోనూ, చివరికి చేతులు కడుక్కునే కుళాయి పైనా అంటించాడు: పొగ రాకూడదు, పోటు దాటకూడదు.

నెగ్గితే ఆ కంపెనీ ఓడలు ఏడాది పొడుగునా ఇక్కడే ఆగుతాయి. ఓడితే అఖాతానికి అవతలి ఒడ్డున ఉన్న రేవుకు పోతాయి. ఆ ఎదురు రేవు ఇప్పటికే రెండు కంపెనీలను లాగేసుకుంది. వాటి ఓడలు ఆగుతూ వచ్చిన పక్క బెర్తులో సిమెంటు పగుళ్లలో గడ్డి మోకాలెత్తు పెరిగింది. ఈ బెర్తు కూడా ఖాళీ పడితే క్రేన్ల వాళ్ల కాలనీ మొత్తం తట్టాబుట్టా సర్దుకోవాల్సిందే. ఆ కాలనీలోనే కరెంటమ్మ పుట్టింది. తండ్రి పోయాక ఆమెను చదివించిన మేనమామ ఆ కాలనీలోనే ఉంటాడు. ఇప్పుడతను ఆమెకు ఎదురుగా, ఆకాశంలో, ఒకటో నంబరు క్రేను గదిలో కూర్చుని ఉన్నాడు.

రేడియో గరగరలాడింది.

"ఏమ్మా కరెంటమ్మా, కింద చల్లగా ఉందా?"

"చల్లగానే ఉంది మామయ్యా. నీకే పైన ఎండ."

"ఎండ సంగతి సరే. మీ అత్త ఇవాళ తెల్లచొక్కా తొడిగి పంపింది. మసి అంటితే గడప తొక్కనివ్వనంది. నీ కరెంటును నమ్ముకుని తొడుక్కున్నానే."

"నమ్ముకో. ఇవాళ మసీ లేదు, మరకా లేదు."

"సరే, మరి. మొదలెడుతున్నా."

రేడియో ఆగిపోయింది. ఆమె నవ్వుకుని తెర వైపు తిరిగింది. తెర మీద పచ్చగీత ఒకటి నెమ్మదిగా సాగుతోంది. అది ఓడా, క్రేన్లూ కలిసి తాగుతున్న కరెంటు. దానికి పైన, కదలకుండా, ఎర్రగీత. పచ్చది ఎర్రదాన్ని తాకితే రక్షణ స్విచ్చి దానంతటదే పడిపోతుంది. పడితే ఓడలో దీపాలారుతాయి. ఆరిన మరుక్షణం ఓడలోని అత్యవసర ఇంజను తనకు తానే లేచి, గొట్టం నిండా నల్లటి పొగ కక్కుతుంది. అందుకే ఆమె వారాల తరబడి లెక్కలు కట్టింది. నాలుగు క్రేన్లూ పనిలో ఉన్నప్పుడు ఒకటి ఎత్తుతూ ఉంటుంది, ఒకటి దించుతూ ఉంటుంది, ఒకటి జరుగుతూ ఉంటుంది, ఒకటి లారీ కోసం చూస్తూ ఉంటుంది. దించే క్రేను తీసుకోదు సరికదా, కొంత కరెంటు తిరిగిస్తుంది. ప్రధాన కార్యాలయం ఇంజనీర్లు రెండుసార్లు తిరగేసి చూసి, భేష్ అన్నారు.

వెనక తలుపు తెరుచుకుంది. మేనేజరు, అతని వెంట ఓడల కంపెనీ ప్రతినిధి. ప్రతినిధి సన్నటి మనిషి; పొద్దుట నుంచి నాలుగు మాటలైనా మాట్లాడినట్టు లేడు.

"ఇలా కిటికీ దగ్గరకు రండి సార్," అన్నాడు మేనేజరు, పెళ్లివారిని విందుకు పిలిచినంత సంబరంగా. "మీకొకటి చూపిస్తా. ఎదురు రేవులో మచ్చుకైనా దొరకదు. తొలి ఎత్తు అంటాం. కొత్త ఓడ వచ్చిందంటే మా నాలుగు క్రేన్లూ మొదటి పెట్టెను ఒక్కసారే లేపుతాయి. నలుగురూ ఒక్కడైనట్టు!"

ఒక్కసారే.

కరెంటమ్మ గిరుక్కున ఎర్రగీత వైపు తిరిగింది.

తొలి ఎత్తు! మామయ్య మొదలుపెట్టిన ఆనవాయితీ. ఒకటో క్రేను కూత ఒకసారి వేస్తే అందరూ క్రేను పట్టును పెట్టెలకు తగిలించి తాళం బిగించాలి. రెండోసారి వేస్తే అందరూ లేపాలి. ఓడ కెప్టెన్లు ఫోన్లు పైకెత్తి వీడియోలు తీసుకునేవారు. ఆమె ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. చిన్నప్పుడు ఇంకో ఆపరేటరు వంతున్న రోజుల్లో మామయ్య భుజాల మీద కూర్చుని చూసింది. అయినా వారాల తరబడి కట్టిన ఆ లెక్కల్లో దానికి చోటే దొరకలేదు. తన ఇంటి గడప ఎంత ఎత్తో ఎవరికి గుర్తుంటుంది? రోజూ దాటేదే కదా.

నాలుగు క్రేన్లూ ఒక్కసారి లేస్తే పచ్చగీత ఎర్రగీతను తాకడం కాదు, చీల్చుకుని పోతుంది.

కూత వినిపించింది. మొదటిది. పొడుగ్గా, ఠీవిగా.

ఆమె రేడియో లాక్కుంది. "మామయ్యా, ఆపు! లేపకు! ఒకటో క్రేను, వినిపిస్తోందా?"

గరగర తప్ప జవాబు లేదు. ఉండదని ఆమెకు తెలుసు. మొదటి కూతకూ రెండో కూతకూ నడుమ నలుగురూ రేడియోలు కట్టేస్తారు. అదీ మామయ్య పెట్టిన నియమమే. మాట విని ఎత్తితే ఒకడు ముందు, ఒకడు వెనక అవుతాడు, చెవులు కూతకే అప్పగించాలి అనేవాడు.

"ఏమైందమ్మా?" అన్నాడు మేనేజరు.

ఆమెకు వినబడలేదు. బల్ల చివర గాజుమూత కింద ఎర్రమీట ఉంది. అది నొక్కితే ఓడ కరెంటు జోలికి పోకుండా క్రేన్లకు మాత్రం కరెంటు తెగుతుంది. తెగితే మళ్లీ ఊరికే వెలిగించడానికి లేదు. నాలుగు క్రేన్ల బ్రేకులనూ మనుషులు పైకెక్కి చేత్తో పరీక్షించాకే తిరిగి పని. ఆ పరీక్ష మధ్యాహ్నం దాకా మింగేస్తుంది. సాయంత్రం పోటు అందదు.

నొక్కకపోతే పొగ. నొక్కితే పోటు.

నాలుగు పెట్టెల మీద నాలుగు తాళాలు బిగిశాయి. దూరాన, ఒకటో క్రేను అద్దం వెనక, తెల్లచొక్కా ముందుకు వంగింది.

ఆమె మూత ఎత్తి, మీట నొక్కింది.

రెండో కూత సగంలో తెగిపోయింది. నేల విడిచి జానెడు లేచిన నాలుగు పెట్టెలూ ఉన్నచోటనే బిగుసుకుపోయాయి. రేవు మీద ఉన్నట్టుండి ఎంత నిశ్శబ్దం పరుచుకుందంటే, ఓడ పక్కన నీళ్లు గుటకలు మింగే చప్పుడు కిటికీ దాకా వచ్చింది. ఓడ కిటికీల్లో దీపాలు మాత్రం రెప్పయినా వేయలేదు.

"మతి పోయిందా నీకు?" మేనేజరు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

"ఇప్పుడే వచ్చింది సార్."

ప్రతినిధి ఇద్దరి వంకా చూశాడు. "ఏం జరిగింది?"

"భద్రతా పరీక్ష సార్," అని మేనేజరు చటుక్కున నవ్వు పులుముకున్నాడు. "మధ్యమధ్యలో చెప్పాపెట్టకుండా చేస్తుంటాం. మామూలే."

ఆ అబద్ధానికి తల ఊపితే సరిపోయేది. కాని ఈ రోజంతా ఆ నాలుగు క్రేన్లతో ఎలా పనిచేయించాలన్నా, ఎందుకాగాయో ఈ గదిలో అందరికీ తెలిసి ఉండాలి.

"పరీక్ష కాదండీ," అంది. "నాలుగూ ఒక్కసారి లేస్తే మీ ఓడలో దీపాలారిపోయేవి. లెక్క కట్టింది నేనే. తొలి ఎత్తును అందులో వేసుకోలేదు. నా పొరపాటు."

మేనేజరు నుదుటి మీద చెయ్యి పెట్టుకున్నాడు. ప్రతినిధి ఓడ వైపు చూశాడు, సముద్రం వైపు చూశాడు.

"దీపాలు ఆరలేదు," అన్నాడు. "ఇక పోటు సంగతి చూడండి." కుర్చీ లాక్కుని కిటికీ పక్కనే కూర్చున్నాడు. పోయే ఉద్దేశం ఉన్నట్టు లేదు.

రేడియో మళ్లీ బతికింది.

"ఎవరు నొక్కింది?"

"నేనే మామయ్యా."

"నలుగురి ముందూ నా చెయ్యి విరిచేశావు కదే."

"కరెంటు చాలదు మామయ్యా. ఓడ ఆరిపోయేది."

"ముందే చెప్పడానికేం రోగం?"

"ముందు తట్టలేదు."

"తట్టలేదా! నా భుజాలెక్కి చూసినదానివి నీకు తట్టలేదా?"

"అందుకే తట్టలేదు."

అటువైపు నుంచి ఊపిరి వదిలిన చప్పుడొకటి వచ్చింది. తర్వాత రేడియో కట్టేసిన చప్పుడు.

బ్రేకుల పరీక్ష ముగిసేసరికి ఎండ నడినెత్తికెక్కింది. ఓడను సముద్రంలోకి నడిపించాల్సిన పైలట్ అప్పటికే రెండుసార్లు పిలిచాడు. రెండోసారి మాట కఠినంగానే ఉంది: "పోటు తిరగకముందే తాళ్లు వదిలేస్తానమ్మా. ఎన్ని పెట్టెలు మిగిలాయని నన్నడగొద్దు."

పోయిన సమయం రాబట్టాలంటే క్రేన్లు ఎన్నడూ లేనంత వేగంగా ఆడాలి. వేగంగా ఆడితే ఎత్తులు ఒకదానిమీదొకటి పడతాయి. పడితే మళ్లీ ఎర్రగీత. వేగానికీ కరెంటుకూ పీటముడి పడిపోయింది. ఆమె తెర వంక చూస్తూ ఉండిపోయింది. క్రేన్లు ఆగి ఉండడంతో పచ్చగీత తెర అడుగున పాములా సాగి పడుకుని ఉంది. దించే క్రేను కరెంటు తిరిగిస్తుంది. ఆ తిరిగొచ్చే దాన్ని గాలికి వదిలేయకుండా, సరిగ్గా ఆ గడియకే ఇంకో క్రేను ఎత్తేలా చేయగలిగితే?

ఆమె రేడియో అందుకుంది. "నాలుగు క్రేన్లకూ. ఒకరు దించేటప్పుడే ఇంకొకరు ఎత్తాలి. ఎవరు ఎప్పుడన్నది నేను చెబుతా. నేను చెప్పనిదే ఎవరూ లేపొద్దు."

"మాట విని ఎత్తమంటావు," అన్నాడు మామయ్య.

"అవును."

"నా జన్మలో చేయలేదు."

"తెలుసు మామయ్యా."

"చెప్పు," అన్నాడు. "నీ గొంతు వింటాను గాని, ఇవాళ నీ మొహం మాత్రం చూడను."

మొదట్లో తడబాటే. రెండో క్రేను తొందరపడింది, మూడో క్రేను మొరాయించింది, పచ్చగీత ఒకసారి ఎర్రదాని అంచుదాకా ఎగిరి అందరి ప్రాణాలూ తోడేసి వెనక్కి వచ్చింది. మేనేజరు కుర్చీ వెనక పట్టుకుని, కుర్చీతో పాటు ఆమెనూ ఊపేస్తున్నాడు.

"సార్, కుర్చీ వదిలితే నాకు తెర కనిపిస్తుంది."

అతను వదిలి, తన చేతులనే పిసుక్కోసాగాడు.

మెల్లమెల్లగా వరస కుదిరింది. "ఒకటి ఎత్తు, మూడు దించు. రెండు ఆగు. రెండు ఎత్తు, ఒకటి దించు. నాలుగు, నీదే. మూడు, రా." ఒకరి బరువు ఇంకొకరిని లేపింది, లేచింది దిగుతూ మరొకదాన్ని లేపింది. పచ్చగీత ఎర్రగీత కిందనే అలలా లేస్తూ పడుతూ సాగింది. పొద్దున్నే ఒంటి క్రేన్లుగా నిలబడ్డవి మధ్యాహ్నానికి ఒకే తక్కెడకు నాలుగు పళ్లేలైనట్టున్నాయి. ఆమె గొంతు జీరబోయింది. నీళ్లు తాగడానికి కూడా వరస తెగనివ్వలేదు. గుటక వేస్తూనే వేలు చూపిస్తే మేనేజరే రేడియోలో "మూడు దించు" అని అరిచాడు. అరిచి, తనకే ఆశ్చర్యమేసి చుట్టూ చూశాడు.

నాలుగో క్రేను మీద ఉన్నవాడికి పెళ్లయి నెల తిరగలేదు. అందరూ పెళ్లికొడుకనే పిలుస్తారు.

"అక్కా," అన్నాడు వాడు, "మా ఇంటిక్కూడా నువ్వొచ్చి ఇలా చెబితే బాగుండును. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు కూర్చోవాలో తెలీక చస్తున్నా."

"మీ ఇంట్లో చెప్పేవాళ్లు ఉన్నారు కదరా," మామయ్య గొంతు. "వినేవాడే లేడు."

నాలుగు క్రేన్లూ నవ్వాయి. కరెంటమ్మకు ఆ నవ్వులో కాస్త ఊపిరాడింది. కాని మామయ్య తనతో అనలేదు ఆ మాట.

పొద్దు వాలే వేళకు కొత్త చిక్కు తలెత్తింది. సరుకు చల్లబరిచే పెట్టెలన్నీ ఓడ మీదికి చేరాయి. రోజంతా ఎండలో కాలిన ఆ పెట్టెలు ఇప్పుడు ఓడ కరెంటును గటగటా తాగుతున్నాయి. పచ్చగీత నేల మట్టమే పైకి జరిగిపోయింది. దానికీ ఎర్రదానికీ నడుమ మిగిలింది సన్నటి సందు. ఒక్క క్రేను ఎత్తేపాటి సందు.

"ఇంకెన్ని?" అన్నాడు ప్రతినిధి. మధ్యాహ్నం నుంచి అదే అతని మొదటి మాట.

ఆమె కిటికీలోంచి చూసింది. ఒకటో క్రేను కింద ఒక పెట్టె. నాలుగో క్రేను కింద ఒక పెట్టె. రెండూ నేల మీదే, రెండింటికీ తాళాలు బిగించే ఉన్నాయి. దించడానికి ఎక్కడా ఏమీ లేదు. ఇచ్చే చెయ్యి లేదు, అడిగే చేతులే రెండు.

పైలట్ గొంతు పలికింది. "కంట్రోల్, పోటు పొంగడం ఆగి నీళ్లు నిలబడ్డాయి. ఇంకొక్క ఎత్తుకే వ్యవధి. అది పడగానే ఇంజను అంటిస్తారు, తాళ్లు వదులుతారు."

"రెండూ కలిపి ఎత్తించేయ్!" మేనేజరు ఆమె భుజం మీదుగా వంగాడు. "ఒక్క గడియే కదా. ఆగుతుందిలే!"

"ఆగకపోతే?"

"ఒక పెట్టె ఒడ్డున మిగిలితే ఏమంటారో తెలుసా? పని పూర్తి చేయలేకపోయారంటారు. ఎదురు రేవు వాళ్లు పగలబడి నవ్వుతారు. ఎత్తించమ్మా!"

ఆగవచ్చు. ఆ మాటా నిజమే. సందు సన్నగా ఉన్నా ఉంది. రెండు క్రేన్లూ కాస్త నెమ్మదిగా లేపితే ఏమో, ఆగినా ఆగవచ్చు. పొద్దుట కనీసం లెక్క తెలుసు ఆమెకు. ఇప్పుడు తెలిసింది తెలియదన్న సంగతొక్కటే. ఆమె రేడియో మీట నొక్కింది. నొక్కి పట్టుకునే, తెర మీది సందును మరోసారి కళ్లతో కొలిచింది.

"ఏమ్మా," అన్నాడు మామయ్య. "గొంతు పోయిందా?"

"మామయ్యా... ఇద్దరికీ చాలదేమో."

"చాలదా, చాలదేమోనా?"

"చాలదేమో."

ఒకటో క్రేను ఇన్నేళ్లలో ఒడ్డు మీద పెట్టె వదిలిన రోజు లేదు. వానలో వదల్లేదు, గాలిలో వదల్లేదు. కాలనీలో ఎవరి గొప్పలు వాళ్లు చెప్పుకునేటప్పుడు మామయ్య చెప్పుకునే గొప్ప అదొక్కటే.

"పెళ్లికొడుకూ," అన్నాడతను. "నువ్వెత్తు."

"మరి మీది, పెద్దాయనా?"

"నాదెక్కడికీ పారిపోదు. ఎత్తరా అంటే!"

నాలుగో క్రేను ఎత్తింది. పచ్చగీత పైకి పాకింది, పాకింది, ఎర్రదాని కింద వెంట్రుక వాసిలో ఆగింది. అక్కడే వణుకుతూ నిలబడింది. పెట్టె ఓడ మీదికి జరిగి, దిగి, కూర్చున్నాక గీత కిందికి జారింది. ఒకటో క్రేను తన పెట్టె తాళం విప్పి, ఖాళీ చేతిని మెల్లగా పైకి లాక్కుంది.

కేబులు విడిపోయింది. ఓడ ఇంజను రాజేసుకుని, గొట్టంలోంచి పల్చటి పొగ వదులుతూ, పోటు మీద బయటికి నడిచింది.

కరెంటమ్మ కిందికి దిగేసరికి ప్రతినిధి మిగిలిన పెట్టె దగ్గర నిలబడి, దాని రేకు మీద అరచెయ్యి పెట్టి చూస్తున్నాడు. మేనేజరు పరుగులాంటి నడకతో చేరాడు.

"దీని గురించి మీరేం అనుకోవద్దు సార్. రాత్రికి రాత్రే లారీ మీద పంపించేస్తాం."

"లారీ దేనికి?" అన్నాడు ప్రతినిధి. "వచ్చే వారం మా ఓడ వస్తుంది. అందులో ఎక్కించండి."

మేనేజరు నోరు తెరిచాడు. "వచ్చే వారం... అంటే, మన రేవుకే?"

"వారం వారం మీ రేవుకే. ఏడాది దాకా." ప్రతినిధి చెయ్యి దులుపుకున్నాడు. "ఎదురు రేవు వాళ్లు మీకంటే వేగం. కాని అక్కడ నా ఓడ ఇంజను ఆపడానికి నాకు ధైర్యం చాలలేదు. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. ఆ నాలుగూ ఒక్కసారి లేపడం ఇక ఉండకూడదు. ఎవరి కోసమూ, ఎప్పుడూ."

క్రేను మెట్లు దిగి వచ్చిన మామయ్య అప్పటికే వాళ్ల వెనక నిలబడి ఉన్నాడు. తెల్లచొక్కా చెమటకు వీపుకు అంటుకుపోయింది. మేనేజరు అతని వంక చూశాడు, ఆమె చూడలేకపోయింది.

"సరే," అన్నాడు మామయ్య.

అంతే అన్నాడు. మేనేజరు ప్రతినిధిని వెంటపెట్టుకుని, గాలిలో తేలుతున్నట్టు ఆఫీసు వైపు వెళ్లిపోయాడు. మేనమామా మేనకోడలూ మిగిలారు, పెట్టెకు చెరోవైపున.

"మామయ్యా..."

"ఇప్పుడేం మాట్లాడకు." అతను పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి, తాళం గుంటలో వేలు పెట్టి చూసి, గేటు వైపు నడిచాడు. నాలుగడుగులు వేసి ఆగాడు. "ఇంటికి రా. తొలి ఎత్తు ఇక లేదని మీ అత్తకు నువ్వే చెప్పు. నేను చెబితే మధ్యలో నిన్ను తిట్టేస్తాను."

"నేను చెబితే?"

"అత్త తిడుతుంది," అన్నాడు. "పద, తిండి వేళయింది."

ఆమె అతని వెనక నడిచింది. మామయ్య ఎప్పటికన్నా నెమ్మదిగా నడుస్తున్నాడు. ఆమె అతన్ని దాటకుండా, అడుగు వెనకే వేసుకుంటూ గేటు దాకా వెళ్లింది.